రాయమల్లు నల్లబోర్డు

జగిత్యాల కాలువల సర్వే ఆఫీసులో ఇంజనీరు పేరేమిటని అడిగితే ఊరివాళ్ళు కాసేపు తల గోక్కునేవాళ్ళు. ఆ ఆఫీసులో నల్లబోర్డు ఎవరిదని అడిగితే మాత్రం చాయ్ తెచ్చే మనిషి కూడా టక్కున చెప్పేవాడు, రాయమల్లుదని. బోర్డు సర్కారుదే. చాక్‌పీసులూ సర్కారువే. అయితేనేం, పొద్దున్నే వచ్చి తడిగుడ్డతో తుడిచేది రాయమల్లు, గుండ్రంగా అంకెలు రాసేది రాయమల్లు, ఎవడైనా దానికి వీపు ఆనించి నిలబడితే గదమాయించేది రాయమల్లు. ఇక అది ఎవరిదైనట్టు?

ఆ రోజుల్లో కంప్యూటరంటే మిషను కాదు, మనిషి. గోదావరి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి గాని, వస్తే ఏ దారిన రావాలో ముందే చూడాలని సర్కారు సర్వే పెట్టింది. సర్వేవాళ్ళు చేన్లలో, గుట్టల్లో తిరిగి అంకెలు రాసుకొచ్చేవాళ్ళు. వాటిని కూడి, తీసి, హెచ్చవేసి, కాలువ అడుగు ఎక్కడ ఎంత ఎత్తులో ఉండాలో తేల్చే గుమాస్తాలకు కంప్యూటర్లని పేరు. ఒక పొడుగు గదిలో వరసగా బల్లలు. అందరికీ ఎదురుగా గోడకు ఆ నల్లబోర్డు. అందరి లెక్కల్లోకీ దిగే అంకెలు దాని మీదే ఉండేవి. వంతెన రాయి మీద గంటు కొట్టి సర్కారు ఖాయం చేసిన ఎత్తు ఒకటి. దాన్ని బెంచిమార్కు అంటారు. ఎవరు ఏ ఎత్తు తీయాలన్నా అక్కడినుంచే మొదలు పెట్టాలి. కొలిచే గొలుసు వాడివాడి సాగిపోతే మైలుకు ఎంత కలపాలో ఇంకో అంకె. ఇట్లాంటివే మరికొన్ని. తలెత్తడం, చూడడం, లెక్కలో వేసుకోవడం, అంతే పని.

రాయమల్లుది సిరిసిల్ల. నేతపని చేసే ఇల్లు. బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, పడుగులో పోగు ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించడం చిన్నప్పుడే అలవాటైంది. ఉర్దూలో చదివాడు. నిజాం జమానాలో ఉర్దూలో కూడికలు వేసే నౌకరీ సంపాదించాడు. పోలీసు చర్య అయింది, పై అధికారులంతా మారిపోయారు. ఆంధ్రప్రదేశ్ అయింది, ఉర్దూ లేచిపోయి ఆ కుర్చీలో ఇంగ్లీషు కూర్చుంది. తల నెరిసే వయసులో ఏ బీ సీ డీలు దిద్దుకున్నాడు పాపం. జమానా మారినప్పుడల్లా తనెవరో, తనకేం వచ్చో కొత్తవాళ్ళకు మొదటినుంచీ చెప్పుకోవాల్సి వచ్చేది. చెప్పుకోనక్కర్లేని చోటు ఆయనకు ఒక్కటే దొరికింది, ఆ బోర్డు. ఏ బల్ల దగ్గర ఎవరు తలెత్తినా రాయమల్లు చేతిరాతే కనబడుతుంది. అదో సుఖం. ఎరగనివాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి.

బోర్డుకు ఒక రివాజు ఉండేది. వేరే గొలుసుతో కొలిచిన లెక్క వస్తే ఎవరైనా లేచి వెళ్ళి, ఉన్న అంకె చెరిపి తనది రాసుకోవచ్చు. పని కాగానే పాత అంకె మళ్ళీ రాసిపెట్టాలి. పాతది మర్చిపోతే రాయమల్లును అడగాలి, ఆయనకు అన్నీ నోటికే. ఇందులో ఉన్న గోతి ఎవరికైనా కనబడుతుంది. ఒకనాడు హనుమండ్లు అనే కంప్యూటర్ ధర్మపురి వైపు లెక్క కోసం గొలుసు అంకె మార్చాడు. మధ్యలో చాయ్ మీదికి మనసు పోయి బయటికి నడిచాడు. గదిలో మిగిలినవాళ్ళు తలెత్తారు, చూశారు, వేసుకున్నారు. గదంతా కలిసి చేసిన పని మర్నాడు మొత్తం కొట్టేయాల్సి వచ్చింది.

“మార్చినోడివి మల్ల పెట్టకపోతివేందిరా? నీ చాయ్ ఏడికన్న ఉరుకుతుండెనా?” అని రాయమల్లు లంకించుకున్నాడు.

“నేనొస్తనే ఉంటి అన్నా. గంతల్నే అందరు గదే చూసి రాస్తరని నాకేమెరుక?” అని హనుమండ్లు గొణిగాడు.

అదిగో, అప్పుడు నోరు తెరిచాడు భూమన్న. నిర్మల్‌వాడు. హైదరాబాదులో డిప్లొమా చదివి ఆఫీసుకు కొత్తగా వచ్చాడు. దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, జేబులో మంచి కలం. గొంతు పెంచడమంటే ఏమిటో తెలియని మనిషి.

“తప్పు హనుమండ్లన్నది గాదే, అన్నా. ఒక్కనికి కావాల్సిన అంకె అందరి ముంగట ఎందుకుండాలె? ఎవల గొలుసు అంకె వాళ్ళు బల్ల మీద చిన్న పలక పెట్టుకోని రాసుకుంటే సరి. లెక్క అయిపోంగనే తుడిచెయ్యాలె. బోర్డు మీద అందరికి ఒక్కటే ఉండేటియి, మారనియి ఉంచాలె. వాటిని గూడ అందరు ముట్టద్దు. ఒక్కరే రాయాలె.”

ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. రాయమల్లు చెవికి ఎక్కలేదు. ఆయన, గొడవ విని గదిలోకి వచ్చిన ఇంజనీరు మొహం చూస్తున్నాడు. తెనాలి వైపు నుంచి వచ్చిన ఇంజనీరు ఆ మొహంలో అంత వెలుగుతో రాయమల్లు వైపు ఏనాడూ చూడలేదు.

“భేష్! రేపట్నుంచే అలా చెయ్యండి. మరి బోర్డు మీద రాసే ఆ ఒక్కరూ ఎవరు?”

“ఇంకెవలు సార్? రాయమల్లన్ననే” అన్నాడు భూమన్న.

ఎంత మర్యాద! ఆ మర్యాదే రాయమల్లుకు ముల్లయి దిగింది. ఏళ్ళ తరబడి తనదైన బోర్డును, నిన్నగాక మొన్న వచ్చినవాడు తనకే దానం చేశాడు. తీసుకోకపోతే పొగరంటారు. తీసుకుంటే వాడిచ్చింది తీసుకున్నట్టు. పోనీ కొట్లాడదామంటే వాడు ఎదురు మాట అనడే! కొట్లాటకు రాని మనిషితో ఎట్లా కొట్లాడేది?

పలకలు వచ్చాయి. బోర్డు మీద అంకెలు చాలామటుకు బల్లల మీదికి దిగిపోయాయి. మారనివి నాలుగు మిగిలాయి. తలలు ఇప్పుడు పైకి లేవడం లేదు, పలకల మీదికి వంగుతున్నాయి. ‘అన్నా, గొలుసుకు ఎంత కలపాలె?’ అని రాయమల్లును అడిగే దిక్కు లేకుండా పోయింది. చాయ్ వచ్చినప్పుడు అందరూ తన బల్ల చుట్టూ చేరేవాళ్ళు కదా, వాళ్ళు ఒక్కొక్కరే భూమన్న బల్ల దగ్గరికి జరిగారు. హనుమండ్లయితే మరీ, భూమన్న నోరు విప్పకముందే నవ్వు మొదలుపెడతాడు. రాయమల్లు తన గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. చాయ్ చేదుగా ఉందని చాయ్ మనిషిని తిట్టేవాడు. భూమన్న రాత ఎట్లా ఉందో, భూమన్న నడక ఎట్లా ఉందో, భూమన్న ఏం తిని వచ్చాడో, అన్నీ ఆయనకే కావాలి. ప్రేమించినవాళ్ళు కూడా ఒక మనిషిని అంతగా చూడరు.

ఒక్క మొండయ్య మాత్రం మారలేదు. వేములవాడ మనిషి, రాయమల్లుతో పాటే నౌకరీలో చేరినవాడు. పలక ఇస్తే వెనక్కి తోసేశాడు.

“పలక వట్టుకోని కూసునుటానికి నేనేమన్న ఒకటో తరగతి పోరన్నా? మా అన్న బోర్డు ఉండంగ నాకేం కొదువ?”

ఆ మాటకు రాయమల్లు కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. అంతా పోయి ఒక్కడు మిగిలితే ఆ ఒక్కడు ఎంత తీపో.

ఇంట్లో అయినా ప్రశాంతంగా ఉందామంటే అక్కడా అదే పేరు. అన్నం వడ్డిస్తూ భార్య చంద్రవ్వ అంది, “హనుమండ్లు పెండ్లాం చెప్పవట్టె, గా నిర్మల్ పిల్లగాడు బంగారమట. గిప్పుడు మీ ఆఫీసుల లొల్లులే లేవట గదా?”

“బంగారమైతే పోయి మెడల ఏసుకో!”

“ఓయమ్మో, నేనేమంటిని? కూర సల్లగైతుంది, తిను.”

“నాకొద్దు” అని కంచం ముందునుంచి లేచాడు. లొల్లులు లేకపోవడమే ఆయన లొల్లి అని ఆ మనిషికి ఎట్లా చెప్పేది? బోర్డు మీద తప్పులు జరిగితేనే కదా దిద్దడానికి రాయమల్లు కావాలి.

ఇంతలో కరీంనగర్ నుంచి పెద్ద ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది. కొత్త పద్ధతి చూస్తాడట. ఆయన ముందు భూమన్న ఒక లెక్క చేసి చూపించాలట. ఆ కబురు విన్నప్పటినుంచీ రాయమల్లుకు ఒంటి మీద గొంగళిపురుగులు పాకినట్టే ఉంది. పెద్ద ఇంజనీరు వచ్చేరోజు అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చాడు. బోర్డు తుడిచాడు. నాలుగు అంకెలూ రాశాడు. బెంచిమార్కు ఎనిమిది వందల డెబ్బై ఒకటి పాయింటు మూడు. ఆ మూడును కాసేపు చూశాడు. ఎడమవైపు రెండు గీతలు వంచాడు. మూడు ఎనిమిది అయి కూర్చుంది.

అర అడుగు తేడా. గుట్టంత తప్పు అయితే ఎవడైనా పడతాడు. అర అడుగు అయితే లెక్క చివర్లో, పెద్ద ఇంజనీరు ముందు, నింపాదిగా బయటపడుతుంది. ‘ఏందయ్యా భూమన్నా, పలకలు గిలకలు అంటివి, గిదేనా?’ అని అనడానికి మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాడు. బోర్డు మీద ఇంకెవరూ రాయకూడదు కాబట్టి, అది తప్పు అయి ఉంటుందని ఎవరికీ తట్టదు. ఆ కట్టుబాటు పెట్టింది భూమన్నే కదా, వాడి తాడుతో వాడినే కట్టేద్దామనుకున్నాడు.

జీపు వచ్చింది. అందరూ పని ఆపి పెద్ద ఇంజనీరు వెనక గుంపుగా నిలబడ్డారు. భూమన్న కూర్చుని లెక్క అందుకున్నాడు. రాయమల్లు వాడి మెడ వంకే చూస్తున్నాడు. వాడు తల ఎత్తడే! ఒక్కసారంటే ఒక్కసారి బోర్డు వైపు చూడడే! గబగబా కూడాడు, తీశాడు, కలం మూత పెట్టాడు. పెద్ద ఇంజనీరు సరిచూసుకుని వాడి భుజం తట్టాడు. “శభాష్” అన్నాడు. హనుమండ్లు చప్పట్లు కూడా కొట్టాడు.

సంగతేమిటంటే, ఆనాడు రాయమల్లు చెవికి ఎక్కని మాట అదే. మారని అంకెను లెక్క మొదలుపెట్టేనాడే బోర్డు నుంచి కాగితం నెత్తిన రాసుకోవాలని, తర్వాత లెక్క ముగిసేదాకా దాన్నే చూడాలని, నడుమ బోర్డు వంక తలెత్తకూడదని భూమన్న అందరికీ చెప్పాడు. అందరూ విన్నారు. పలక పట్టినవాళ్ళంతా అట్లాగే చేస్తున్నారు. ఆనాటి లెక్కకు భూమన్న ముందురోజే మూడు రాసిపెట్టుకున్నాడు. కుళ్ళు చెవుల్లో కూర్చుంటే ఇంకో మాట దూరదు మరి.

జీపును సాగనంపడానికి అందరూ వాకిట్లోకి పోయారు. రాయమల్లు వెనక్కి వచ్చి ఎనిమిదిని మళ్ళీ మూడు చేశాడు. ‘పోనీలే, ఎవ్వలకేం కాలే’ అనుకున్నాడు. వెనక బల్ల దగ్గర మొండయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు. “గా పోరని తమాషా నేనేం చూస్త?” అని అన్న మీది అభిమానంతో అటు పోకుండా, పొద్దున్నే పిల్లకాలువ లెక్క ఒకటి మొదలుపెట్టి, తలెత్తి బోర్డు చూస్తూ, తల దించి రాస్తూ, అప్పటికే ముగించేశాడు. రాయమల్లు మూడు దిద్దేటప్పుడు కాగితాలు సర్దుకుంటున్నాడు.

ఆ లెక్క ప్రకారం, ఎంత లోతు తవ్వాలో తెలిసేట్టు గుర్తుకు ఖుంటలు పాతారు. కూలీలు తవ్వకం మొదలుపెట్టారు. హనుమండ్లు లెక్కవేసిన కాలువ, మొండయ్య లెక్కవేసిన కాలువ ఒకచోట కలవాలి. కలిసేచోట ఒకటి అర అడుగు పైకి లేచింది. నీళ్ళు ఎదురెక్కవు కదా. తవ్విందంతా తప్పయింది. ఇంజనీరు కాగితాలు పట్టుకుని గదిలోకి వచ్చాడు.

“మొండయ్యా, బోర్డు మీద మూడుంటే నువ్వు ఎనిమిదెలా వేశావయ్యా?”

మొండయ్య లేచి బోర్డు వైపు చూశాడు. “నాకు ఎనిమిదే కనవడ్డది సార్.”

“ఇప్పుడేం కనబడుతోంది?”

“మూడు సార్.” మొండయ్య కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. “బోర్డు తప్పువోదు సార్. రాయమల్లన్న రాసిండు. నా కండ్లే ఖరాబైనట్టున్నయ్.”

“భూమన్న చెప్పినట్టు చేసి ఉంటే ఇంత జరిగేదా? చూపు ఆనని మనిషిని లెక్కల్లో ఎలా ఉంచుకోను? సోమవారం నుంచి స్టోరు కాపలాకి వెళ్ళు.”

నిజం చెప్పడానికి అంతకంటే మంచి గడియ రాదు. రాయమల్లు చెప్పలేదు. ఇందులో కూడా మళ్ళీ భూమన్న గొప్పే బయటికి వచ్చిందని అప్పుడు కూడా ఒళ్ళు మండింది. సిగ్గు లేని మంట అది.

ఆదివారం మొండయ్యను చూడ్డానికి వెళ్ళాడు. మొండయ్య భార్య దేవవ్వ నందివర్ధనం పూలు తడిపి మొగుడి కళ్ళ మీద పెడుతోంది. మొండయ్య లేచి, బాగా కనబడే గదిలోనే గోడ పట్టుకుని నడిచి వచ్చాడు.

“అన్నా, జర దూరం నిలబడి వేళ్ళు చూపియ్యి.”

రాయమల్లు మూడు వేళ్ళు ఎత్తాడు.

“మూడు” అన్నాడు మొండయ్య. అని, భయంగా దగ్గరికి వచ్చి ఆ వేళ్ళను తడిమి చూసుకున్నాడు. “మూడే గదా? నిజం చెప్పన్నా. నాకు కనవడ్డదాని మీద నాకే నమ్మకం పోయింది. దేవవ్వ మొకం చూసినా గిది దాని మొకమేనా అనిపిస్తుంది.”

దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాయమల్లు ఏదో పని ఉందని చెప్పి బయటపడ్డాడు. వీధిలో నడుస్తూ ఆ మూడు వేళ్ళనూ పిడికిట్లో నలుపుకుంటూనే ఉన్నాడు.

సోమవారం మొండయ్య తన పెన్సిలు, తన లాగరిథం పుస్తకం తెచ్చి ఇంజనీరు బల్ల మీద పెట్టాడు. రాయమల్లు లేచాడు.

“సార్, గా తప్పు మొండయ్యది గాదు. మూడును ఎనిమిది చేసింది నేనే.”

ఇంజనీరు జాలిగా చూశాడు. “స్నేహితుడి కోసం నింద నెత్తినేసుకోకు రాయమల్లూ. నీ మంచితనం నాకు తెలుసు.”

“గంత పని చెయ్యకన్నా, నా కోసం నువ్వు ఖరాబుగాకు” అని మొండయ్య చేతులు పట్టుకున్నాడు. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. భూమన్న కళ్ళు చెమ్మగిల్లాయి. “నీ అసుంటి మనిషిని నేను చూడలే అన్నా” అన్నాడు.

ఇన్నాళ్ళూ దేనికోసం కుళ్ళి చచ్చాడో ఆ చూపులన్నీ ఒక్కసారిగా వచ్చి రాయమల్లు మీద పడ్డాయి. ఊరుకుంటే చాలు. తల వంచుకుని నిలబడితే చాలు, ఆ గదికి మళ్ళీ ఆయనే పెద్ద. మొండయ్య కళ్ళు ఒక్కటే మొండయ్యకు తిరిగి రావు.

రాయమల్లు బోర్డు దగ్గరికి నడిచాడు. చాక్‌పీసు తీసి మూడుకు ఎడమవైపు రెండు గీతలు వంచాడు. ఎనిమిది. బొటనవేలితో ఆ రెండు గీతలూ తుడిచాడు. మూడు. ఎంత నేర్పుగా చేశాడంటే, ఎవరూ ఇంకేమీ అడగలేదు.

“గీ పోరడు పెద్ద సారు ముంగట బోర్లవడాల్నని చేసిన” అన్నాడు భూమన్న వైపు చూడకుండా. “వీడు తలెత్తలే. మొండయ్య ఎత్తిండు.”

భూమన్న మొహం పాలిపోయింది. ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. హనుమండ్లు “అరె అన్నా!” అని ఆగిపోయాడు. మొండయ్య మాత్రం మెల్లగా బోర్డు దగ్గరికి వచ్చి ఆ అంకె మీద వేలు పెట్టాడు.

“అంటే గా దినం గాడ ఎనిమిదే ఉండెనా అన్నా?”

“ఉండె.”

“నాకు కనవడ్డది నిజమేనా?”

“నిజమే మొండయ్యా.”

మొండయ్య మొహం విప్పారింది. చాక్‌పిండి అంటిన రాయమల్లు చేతులు రెండూ గుంజి పట్టుకున్నాడు. “విన్నవా హనుమండ్లూ? నా కండ్లు మంచిగున్నయట! మా దేవవ్వకు ఎవలన్న పోయి చెప్పున్రి!” అని నవ్వుతూ ఏడుస్తున్నాడు.

ఒక్క తిట్టన్నా తిట్టరా అని రాయమల్లు గొంతులోనే బతిమాలుకున్నాడు. మొండయ్యకు అదేమీ పట్టలేదు. రాయమల్లు చేతులు వదలకుండానే కిటికీ దగ్గరికి లాక్కుపోయి, దూరంగా రోడ్డు మీద పోతున్న బండి ఎడ్లు ఏ రంగువో, తోలేవాడి రుమాలు ఏ రంగుదో, ఆయనకే ఒక్కొక్కటీ చూపించి చెబుతున్నాడు.